ఐపీకేఎఫ్ జాఫ్నాలో ఓడిందా, ఢిల్లీలో ఓడిందా?

ఓరుగల్లు కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎం.ఏ. చరిత్ర రెండో ఏడాది చదువుతున్నా. విదేశీ గడ్డ మీద యుద్ధం, దానికి స్వదేశంలో ప్రజల మద్దతు అనే అంశం మీద సెమినార్ పేపర్ రాయాలి. మా క్లాసులో సగం మంది వియత్నాం పట్టుకున్నారు. నేను 1987-90 శ్రీలంక తీసుకున్నా, అంటే మన దేశం అక్కడికి పంపిన శాంతి పరిరక్షక దళం (ఐపీకేఎఫ్) కథ. అది మన సొంత సైన్యం కథ, అయినా మా పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాలు దాటి లేదు.

చదివేకొద్దీ రెండు వాదనలు ఎదురవుతున్నాయి. మొదటిది: సైన్యం తన పని చేసింది. లంక ఉత్తరాన ఉన్న జాఫ్నా పట్టుకుంది, ఎల్టీటీఈని (తమిళ పులుల్ని) దానికి దక్షిణాన వన్ని అడవుల్లోకి తరిమింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే అయిపోయేది. తమిళనాడులో వ్యతిరేకత, 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ఓటమి, వీటివల్ల మధ్యలోనే వెనక్కి రావాల్సి వచ్చింది. రెండోది: వ్యూహమే లేకుండా వెళ్ళారు కాబట్టి ప్రజల మద్దతు ఉన్నా లేకపోయినా ఫలితం అదే అయ్యేది.

మా గైడ్ సార్ మొదటి దాని వైపు మొగ్గుతున్నారు. నాకేమో సగమే నమ్మకం కుదురుతోంది. సుమారు 1,200 మంది జవాన్లు చనిపోయిన యుద్ధం గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ గుర్తు లేకపోవడం కూడా నన్ను తొలుస్తోంది. కార్గిల్ అనగానే మా అమ్మ తారీఖులతో సహా చెబుతుంది. దీని గురించి అడిగితే "రాజీవ్ గాంధీని చంపింది అందుకే కదా" అని ఊరుకుంది. మీలో ఎవరైనా వెళ్ళొచ్చినవాళ్ళుంటే, లేదా ఆ రోజులు చూసినవాళ్ళుంటే చెప్పండి.

టెక్సాస్ తెలుగోడు:

తమ్ముడూ, వియత్నాం వదిలేశానంటున్నావు గానీ, మీ గైడ్ చెప్పే వాదన పుట్టింది అక్కడే. "యుద్ధభూమిలో గెలిచాం, ఇంట్లో ఓడిపోయాం" అనే మాట నేనిక్కడ పాతికేళ్ళుగా వింటున్నా. మా ఆఫీసులో ఒక రిటైర్డ్ మెరైన్ ఉండేవాడు, లంచ్ టైమ్‌లో ఎవరు దొరికితే వాళ్ళకి ఇదే క్లాసు.

ఆయన చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. 1968 జనవరి చివర్లో టెట్ (వాళ్ళ కొత్త సంవత్సరం) పండక్కి వియత్‌కాంగ్ కమ్యూనిస్టు గెరిల్లాలు, ఉత్తర వియత్నాం సైన్యం కలిసి దక్షిణ వియత్నాంలో వందకు పైగా పట్టణాల మీద పడ్డారు. సైగాన్‌లో అమెరికా ఎంబసీ ఆవరణలోకి కూడా చొరబడ్డారు. లెక్కలు చూస్తే వాళ్ళే చిత్తుగా దెబ్బతిన్నారు. హ్యూ నగరం తప్ప మిగతా పట్టణాలు చాలావరకు రోజుల్లోనే తిరిగి చేతికొచ్చాయి. అయినా మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ టీవీలో కనబడి మళ్ళీ పోటీ చెయ్యనన్నాడు.

దీన్ని చూపించి "చూశారా, టీవీలు, స్టూడెంట్లు కలిసి ముంచారు" అంటారు. కానీ టెట్‌కు ముందే, 1967 అక్టోబరులోనే, ఈ యుద్ధంలోకి దిగడం పొరపాటు అనేవాళ్ళు గాలప్ సర్వేలో కాదనేవాళ్ళకంటే ఎక్కువయ్యారు. పైగా ఆ నవంబరులోనే అక్కడి అమెరికా దళాల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్లండ్ వాషింగ్టన్ వచ్చి, ఇక ముగింపు కనబడుతోందని చెప్పి వెళ్ళాడు. రెండు నెలలకే టెట్. ఆ వెంటనే మరో 2 లక్షల పైచిలుకు సైనికులు కావాలని అడిగిన సంగతి పేపరుకెక్కింది. జనానికి కోపం వచ్చింది చావుల లెక్కకు కాదు, చెప్పినదానికీ చూసినదానికీ పొంతన లేనందుకు అని నా లెక్క.

ఇంకొకటి. అక్కడ డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) ఉండేది, పిలుపొస్తే ఇష్టం లేకపోయినా వెళ్ళాల్సిందే. మన దగ్గర సైన్యంలో చేరినవాళ్ళే వెళ్ళారు. కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త.

జై జవాన్ 71:

ఇందులో ఇంత చర్చేముంది? చేతులు కట్టేసి పంపారు. ట్యాంకు వాడకు, ఫిరంగి వాడకు, ముందు వాడు కాలిస్తేనే నువ్వు కాల్చు. అలా ఎవడైనా గెలుస్తాడా? ఆర్మీకి వదిలేసుంటే రెండు వారాల పని. ఢిల్లీ రాజకీయం, మద్రాసు రాజకీయం. అంతే.

సాపర్ గిద్దలూరు:

బాబూ ఓరుగల్లూ, నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజనీర్ల దళంలో చేశా. ఎనభై ఏడు ఆగస్టులో మద్రాసు రేవులో ఓడెక్కి జాఫ్నా దగ్గర కంకేశన్‌తురై రేవులో దిగా, ఎనభై తొమ్మిదిలో తిరిగొచ్చా. యూనిట్ ఏది, సాబ్‌లు ఎవరు అనేది రాయను. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టు.

ముందు జై జవాన్ గారికి. అన్నా, మొదట్లో పెద్ద ఫిరంగులు, విమానాలు జనం మధ్య వాడొద్దన్న మాట నిజమే. తర్వాత టీ-72లు వచ్చినయ్, ఎంఐ-25 హెలికాప్టర్లు వచ్చినయ్. సికింద్రాబాద్ నుంచి 54 డివిజన్ ఒక్కటే ముందు పోయింది, చివరికి నాలుగు డివిజన్లయినయ్. 80 వేల దాకా మనిషిని దించారు. చేతులు కట్టెయ్యలా. ఆ చేతులకు చెప్పిన పని మాటిమాటికీ మారింది. రెండు వారాల మాటంటావా, ఆ అంచనా వేసింది ఢిల్లీలో రాజకీయ నాయకులు ఒక్కళ్ళే కాదు, మన పెద్ద సాబ్‌లూ వేశారు.

లంక ప్రభుత్వంతో మన ఒప్పందం మీద సంతకాలైంది జులై 29న. మేం దిగేటప్పుడు చెప్పింది ఏందంటే: పులులు ఆయుధాలు అప్పజెప్తారు, లంక సైన్యం క్యాంపుల్లోనే ఉంటది, మనం మధ్యలో నిలబడాలి, సాపర్లు మందుపాతర్లు తీసి రోడ్లు బాగుచెయ్యాలి. జనం నిజంగానే దండలేశారు. ఒక ముసలావిడ మా సెక్షన్ మొత్తానికీ తాటిబెల్లం ముక్కలు పెట్టింది. ఆగస్టు 5న పలాలీ విమాన స్థావరంలో ఆయుధాలు అప్పగించే తంతు జరిగింది. ఇచ్చినవాటిల్లో పనికొచ్చేవి కొన్నే, అసలు సరుకు భూమిలో పూడ్చిపెట్టుకున్నారని అందరికీ తెలుసు.

సెప్టెంబరు 26న జాఫ్నాలో నల్లూరు గుడికాడ పులుల నాయకుడు తిలీపన్ నిరాహారదీక్షలో పోయాడు. పన్నెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలా. ఊరు ఊరంతా అక్కడే కూచుంది. ఆ తర్వాత మాకెవరూ బెల్లం పెట్టలా. అక్టోబరు 5న లంక నేవీ పట్టుకున్న పులుల్లో కుమరప్ప, పులేంద్రన్‌తో కలిపి పన్నెండు మంది పలాలీలోనే సైనైడ్ మింగి చచ్చారు. ఇంక వారం తిరక్కుండా ఆర్డరు మారింది: బలవంతాన ఆయుధాలు లాక్కోండి. అదే ఆపరేషన్ పవన్. మాకు కాపలా పని చెప్పి తెచ్చారు, యుద్ధం పని అప్పజెప్పారు. మ్యాపుల్లేవు. ఉన్నవి ఎప్పటివో, సందులు గొందులు ఏవీ దాంట్లో ఉండవు. మన చేతిలో పాత ఎస్‌ఎల్‌ఆర్ రైఫిలు, వాడి చేతిలో ఏకే-47.

అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో పారా కమాండోల్ని, 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్ని హెలికాప్టర్లతో దించారు. పులుల నాయకుల్ని నిద్రలోనే పట్టెయ్యాలని. మన వైర్‌లెస్ మాటలు పులులు వింటానే ఉన్నారు, కాసుక్కూచున్నారు. ఆ సిఖ్ ప్లటూన్లో 30 మందికి ఒక్కడు మిగిలాడు, వాడూ పులులకు చిక్కాడు. ఇది పబ్లిక్ సపోర్టు లేకపోవడం వల్ల జరిగిందా? అప్పటికి యుద్ధం మొదలైందే, దాన్ని వ్యతిరేకించడానికి ఢిల్లీకి గానీ మద్రాసుకు గానీ టైమెక్కడిది? మీ గైడ్ సార్‌ను అది అడుగు.

జాఫ్నా నెలాఖరుకు చేతికొచ్చింది, రెండొందలకు పైగా జవాన్లు పోయినాక. బయట దేశం సంగతి తెలవదు, మన లెక్కన అది గెలుపే. ఐతే ఊరు చేతికొస్తే ఊళ్ళో జనం చేతికొచ్చినట్టు కాదు. నేను చూసింది చెప్తా.

జాఫ్నాలో ఇళ్ళ చుట్టూ తాటాకు దడులు, మనిషికంటే ఎత్తు. రెండు దడుల మధ్య సైకిలు పట్టేంత సందు. పది గజాల అవతల ఏముందో కనపడదు. ఊరంతా సైకిళ్ళే. మా పని పొద్దున్నే కాన్వాయ్ కంటే ముందు రోడ్డు తెరవడం, ఆర్‌ఓపీ అంటాం. ఇద్దరు ప్రాడర్లు (నేలలో గుచ్చి చూసే కడ్డీలు) పట్టుకుని నడుస్తారు, ఒకడు డిటెక్టరు, పక్కన దడుల వెంట ఇన్‌ఫాంట్రీ. కల్వర్టు కింద ఒంగి చూడాల, తారు మీద కొత్త అతుకు ఉందేమో చూడాల, తాటితోపులోకి వైరు పోతుందేమో చూడాల. డిటెక్టరును నమ్ముకున్నది తక్కువ. మేం నమ్ముకున్నది టీ కొట్టును. కొట్టు తెరిచుండి, పిల్లకాయలు బడికి పోతా ఉంటే రోడ్డు మంచిదే. కొట్టు మూసుంటే, ఒక్క సైకిలూ రాకపోతే, అక్కడ ఆగిపోయేవాళ్ళం. అంటే ఏందయ్యా? మందుపాతర ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. మాకు ఒక్కడూ చెప్పడు. భయంతో చెప్పనోడు కొందరు, కోపంతో చెప్పనోడు కొందరు. నీ పేపరుకు కావాల్సిన పబ్లిక్ సపోర్టు ఆ టీ కొట్టుకాడ ఉంది. హన్మకొండలోనో గిద్దలూర్లోనో కాదు.

నాకు తమిళం వచ్చు, ట్రైనింగు బెంగుళూర్లో తమిళపోళ్ళతో కలిసే చేశాం గదా. అందుకని చెక్‌పోస్టుకాడ నన్ను నిలబెట్టేవాళ్ళు. గూర్ఖా జవానుకు, పంజాబీ జవానుకు "పొయ్యింది ఎవరు, వచ్చింది ఎవరు" అడగడం రాదు. వాళ్ళు చేత్తో సైగ చేస్తే ఎదుటోడికి అది కొట్టబోయినట్టు ఉంటది. ఒకసారి సైకిలు మీద పిల్లాడొచ్చాడు, పన్నెండేళ్ళుంటయ్యేమో. హ్యాండిలుకు పాలక్యాను. మూత తీసి చూపించమన్నా. తీశాడు, పాలే. పొయ్యేటప్పుడు తిరిగి చూసి "అన్నా, మీరు తెలుగా?" అని తమిళంలోనే అడిగాడు. అవునన్నా. "మీ ఊరికి ఎప్పుడు పోతారు?" అన్నాడు. నవ్వుతా అన్నాడో, కాన్వాయ్ లెక్కకోసం అన్నాడో, ఈరోజుకీ చెప్పలేను. క్యాంపుకొచ్చి చెప్తే సుబేదార్ సాబ్ "రేపట్నించి ఆ పాలు తాగొద్దు" అన్నాడు.

ఎనభై ఎనిమిదిలో పని మళ్ళీ మారింది: ఎన్నికలు జరిపించాల. నవంబరులో జరిపించాం. పులులకు పడని తమిళ పార్టీ ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు వరదరాజ పెరుమాళ్ అక్కడి ఉత్తర-తూర్పు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. ఎనభై తొమ్మిదిలో ఇంకో పని: ఆయన ప్రభుత్వం నిలబడేదానికి తమిళ నేషనల్ ఆర్మీ తయారుచెయ్యాల. రోడ్ల మీద కుర్రాళ్ళను బలవంతంగా పట్టకొచ్చి తుపాకులిచ్చారు. మనం పొయ్యీపోగానే ఆ సైన్యం కుప్పకూలింది, మనిచ్చిన తుపాకులు పులుల చేతిలో పడ్డయ్. ఆయుధాలు లాక్కోవడానికి పోయి ఆయుధాలు ఇచ్చొచ్చాం.

మా నాయన ఇన్‌లాండ్ లెటర్లో "ఎవరి మీద యుద్ధంరా అది?" అని రాయించాడు. ఏం రాయను? మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొకడు మిలట్రీలో ఉంటాడు, యుద్ధమంటే వాళ్ళకు కొత్త గాదు. పాకిస్తాన్ మీదంటే అడగరు. ఇది అడిగారు. జవాబు నా దగ్గర లేదు, సాబ్ దగ్గరా లేదు. ఎవరూ అడగని మద్దతు పోయిందని ఎట్టా రాస్తావు బాబూ? మద్దతు కావాలని ఎవరన్నా ఎప్పుడన్నా అడిగితే గదా.

అడయార్ అరవిందం:

బాబాయిగారూ, నమస్కారం. మాది నెల్లూరు, నాన్న ఉద్యోగం వల్ల పుట్టి పెరిగింది మద్రాసు. 1990 మార్చిలో నాకు పద్దెనిమిది. మా నాన్న హార్బర్లోనే పనిచేసేవారు.

చివరి దళాలు ట్రింకోమలీ నుంచి బయల్దేరింది మార్చి 24న. స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం పలకలేనన్నారు. మా వీధిలో దాని మీద పెద్ద పోట్లాటే జరిగింది. మా ఇంటి ఓనరు గారు, తమిళులే, రిటైర్డ్ టీచరు, "పంపింది వాళ్ళు, చచ్చింది వీళ్ళు, మధ్యలో ఈయన అలకేంటి" అన్నారు. ఎదురింటాయన ఇంట్లో అప్పటికీ ప్రభాకరన్ బొమ్మ ఉన్న క్యాలెండరు వేలాడుతుండేది. ఇద్దరూ ఒకే కొట్లో కాఫీ పొడి కొనేవాళ్ళు.

కానీ కుర్రాడా, నీ పేపరులో "తమిళనాడు వ్యతిరేకించింది కాబట్టి" అని ఒక్క ముక్కలో రాసెయ్యకు. ఓట్లు చూడు. 1989 జనవరి అసెంబ్లీ ఎన్నికల్లో డీఎంకే గెలిచింది, నిజం. అదే ఏడు నవంబరులో లోక్‌సభకు ఓటేస్తే? కాంగ్రెస్, అన్నాడీఎంకే కూటమికి 39లో 38. డీఎంకేకి సున్నా. సైన్యాన్ని పంపిన రాజీవ్ గాంధీ పార్టీకే తమిళనాడు ఓటేసింది! మీ ఆంధ్రలో 42కి 39 కాంగ్రెస్‌వే. రాజీవ్ ఓడింది ఉత్తరాదిలో, అక్కడ ఎవరి నోటా శ్రీలంక మాటే లేదు, ఉన్నది బోఫోర్స్ కుంభకోణం. శ్రీలంకకు దగ్గరగా ఉన్నవాళ్ళే ఆయన్ని ఓడించలేదు.

అంటే తమిళనాడు యుద్ధాన్ని సమర్థించిందని కాదు. అన్నాడీఎంకేతో పొత్తు లెక్క వేరే. యుద్ధం చూసి ఓటేసినవాళ్ళు ఎక్కడా పెద్దగా లేరని మాత్రం చెప్పొచ్చు. దెబ్బతిన్న పులులు పడవల మీద మా తీరానికొచ్చి వైద్యం చేయించుకునేవాళ్ళు, అదే రేవుల నుంచి సైన్యానికి సామాను వెళ్ళేది. రెండూ ఒకేసారి నడిచాయి, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. గాలి తిరిగింది తర్వాత. 1990 జూన్‌లో కోడంబాక్కంలో ఈపీఆర్ఎల్ఎఫ్ పద్మనాభను, ఆయన మనుషులను పట్టపగలంత ధైర్యంగా కాల్చేసి వెళ్ళారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య. ఆ మర్నాడు ఎదురింట్లో క్యాలెండరు లేదు.

ఓరుగల్లు కుర్రాడు:

అక్కా, ఆ సీట్ల లెక్క నేనెక్కడా ఈ కోణంలో చదవలేదు. మా సార్ వాదనలో సగం అక్కడే పోయింది.

బాబాయి గారూ, రెండు అడగొచ్చా? ఒకటి: "ఇంకో ఏడాది ఉంటే అయిపోయేది" అనే మాట మీతో పనిచేసిన వాళ్ళే చాలామంది ఇంటర్వ్యూల్లో అంటున్నారు. మీరెందుకు ఒప్పుకోరు? రెండోది అడగడానికి ఇబ్బందిగా ఉంది. జాఫ్నా ఆసుపత్రిలో, వల్వెట్టితురై ఊళ్ళో మన సైన్యం జనాన్ని చంపిందన్న ఆరోపణలు. తమిళులు రాసినవి చదివితే అక్కడి జనం మద్దతు పోవడానికి తిలీపన్ కంటే ఇవే పెద్ద కారణమనిపిస్తోంది. మాజీ సైనికులు దీన్ని ఎలా చూస్తారు?

జై జవాన్ 71:

ఇదిగో మొదలైంది. ఆసుపత్రిలో పులులు దాక్కుని కాల్చారు, ఎదురుకాల్పుల్లో పోయారు. మన సైన్యం మీద బురద జల్లడానికే ఈ సెమినార్లు.

సాపర్ గిద్దలూరు:

అన్నా, ఆ పిల్లాడు మర్యాదగా అడిగాడు, నేను చెప్తా.

ముందు ఇంకో ఏడాది సంగతి. ఎనభై ఎనిమిదిలో ముల్లైతీవు అడవుల్లో మనోళ్ళు గట్టిగానే తిరిగారు, పులులు బాగా నలిగారు, అది అబద్ధం కాదు. ఆ మాటనేవాళ్ళు అడవిలో పనిచేసినోళ్ళు, వాళ్ళు చూసింది వాళ్ళు చెప్తున్నారు. నేను రోడ్డు మీద పనిచేసినోణ్ణి. నాకు కనపడింది వేరు. ఎనభై తొమ్మిది జనవరిలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాడు. దక్షిణాన జేవీపీ (సింహళ తీవ్రవాద పార్టీ) వాళ్ళు భారత సైన్యం వెళ్ళిపోవాలని తిరగబడుతున్నారు. ఆయన జూన్‌లో, జులై 29 కల్లా మీరందరూ వెళ్ళిపోండన్నాడు. ఆ లోపలే పులులతో కొలంబోలో మాటలు మొదలుపెట్టాడు, చాటుగా ఆయుధాలూ ఇచ్చాడు, మనమీద వాడేదానికి. ఏ దేశం పిలిస్తే పోయామో ఆ దేశం ప్రభుత్వమే మన శత్రువుకు తుపాకులిస్తా ఉంటే, ఇంకో ఏడాది ఎవరి అనుమతితో ఉంటావు? ఉంటే అప్పుడు మూడు పక్కలా యుద్ధం: పులులతో, లంక సైన్యంతో, సింహళ జనంతో. ప్రేమదాసను కూడా చివరికి తొంభై మూడులో ఆ పులులే చంపారనుకో, అది వేరే కథ.

ఇంకా, రాజీవ్ ఓడిపోయాక వీపీ సింగ్ వచ్చి వెనక్కి పిలిచాడంటారు. అంతకుముందే, సెప్టెంబరులోనే, రాజీవ్ ప్రభుత్వమే వెనక్కి రావడానికి ఒప్పుకుంది. అప్పుడు విదేశాంగ మంత్రి మన పీవీ గారు. తిరుగు ఓడలు ఎన్నికలకు ముందే కదిలినయ్. తారీఖులు చూసుకో బాబూ, నీ పేపరుకు అక్కరకొస్తయ్.

రెండోది. జాఫ్నా ఆసుపత్రిలో జరిగినప్పుడు నేను అక్కడ లేను, ఊరికి అవతల పక్క ఉన్నా. దీపావళి రోజులు. డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి అరవై మందికి పైగా పోయారు. లోపల్నుంచి కాల్పులొచ్చాయని మనవాళ్ళంటారు. మన మనుషులు లోపలికొచ్చాక దాక్కున్నోళ్ళను కూడా కాల్చారని బతికి బయటపడ్డ ఆసుపత్రి ఉద్యోగులు చెప్పారు. ఎనభై తొమ్మిది ఆగస్టులో వల్వెట్టితురైలో మన గస్తీ మీద దాడిలో జవాన్లు పోతే, తర్వాత ఊళ్ళో యాభై మందికి పైగా జనం చచ్చారు, ఇళ్ళు కాలినయ్. అప్పటికి నేను ఇంటికొచ్చేశా. మేం కలుసుకున్నప్పుడు వీటి గురించి మాట్లాడుకోం. మేజర్ పరమేశ్వరన్ గురించి మాట్లాడుకుంటాం: ఛాతీలో తూటా దిగినాక ఎదుటోడి తుపాకీ లాక్కుని వాణ్ణే కాల్చి పోయాడు, పరమవీర చక్ర ఇచ్చారు. అదీ జరిగింది, ఇదీ జరిగింది. ఒకటి రాసి ఒకటి రాయకపోతే నీ పేపరు సగం.

జై జవాన్ గారూ, బురద అంటారు గదా. నాలుగు నెలల ముందు తాటిబెల్లం పెట్టిన ఊరు టీ కొట్టు మూసుకుంది. ఎందుకు మూసుకుందో వ్యూహం రాసినోళ్ళు అప్పుడే అడిగి ఉండాల్సింది. దాన్నొదిలేసి ముప్పై ఏళ్ళ తర్వాత ఢిల్లీ జనం మద్దతివ్వలేదంటే నేనొప్పుకోను. ఢిల్లీ జనానికి మేం అక్కడున్నట్టే తెలవదు. ఇంటికొచ్చినప్పుడు బస్సులో పక్క సీటాయన "కాశ్మీర్ నుంచా?" అని అడిగాడు. లంక నుంచి అంటే, "అక్కడ మనోళ్ళకేం పని?" అన్నాడు.

టెక్సాస్ తెలుగోడు:

పెద్దాయన చెప్పిన టీ కొట్టు విషయం వియత్నాంకూ సరిగ్గా సరిపోతుంది. టెట్ ముందు సైగాన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయుధాలు నెలల తరబడి దాచారు, బళ్ళలో కూరగాయల కింద తెచ్చారు. చూసినవాళ్ళు వేలల్లో ఉంటారు, అమెరికన్లకు అందింది మాత్రం అరకొర సమాచారమే. ఇంటి జనం మీద వందల పుస్తకాలొచ్చాయి. ఆ ఊళ్ళ జనం మీద వచ్చినవి తక్కువ.

ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. స్వదేశంలో మద్దతు అడక్కపోవడం కూడా ఒక వ్యూహమే. జాన్సన్ పన్నులు పెంచడానికి, రిజర్వు దళాలను పిలవడానికి వెనకాడింది అందుకే. జనం పట్టించుకోనంత కాలం యుద్ధం నడుపుకోవచ్చనుకున్నాడు. మన వాళ్ళూ అదే చేశారేమో?

సాపర్ గిద్దలూరు:

చేశారేమో. అది నాబోటి హవల్దారుకు పైమాట.

బాబూ, ఇంకొక్కటి. ఒప్పందంలో ఉత్తర, తూర్పు రాష్ట్రాలు కలపడం, పదమూడో సవరణ, ఆ వ్యవహారం నన్నడక్కు, అడయార్ అమ్మాయిని అడుగు. రోడ్డు తెరవడం గురించి ఏమన్నా కావాలంటే నన్నడుగు. మీ గైడ్ సార్ ఒప్పుకోకపోతే ఆ సీట్ల లెక్క ముందు పెట్టు, నా పాలక్యాను కథ తర్వాత. చదువుకున్నోళ్ళు అంకెలకే కదులుతారు.

ఓరుగల్లు కుర్రాడు:

సరే బాబాయ్ గారూ, సీట్ల లెక్కతోనే మొదలుపెడతా. ఆర్‌ఓపీలో ప్రాడర్ ఎంత పొడుగుంటుంది, ఎంత దూరానికొకసారి గుచ్చుతారు? అది ఒక్క పేరా రాద్దామనుకుంటున్నా, తప్పు రాస్తే బాగోదు.